నాకంటే ముందు పెళ్లికి చేరిన గుర్రం

పెళ్లికి గుర్రం ఆలస్యంగా రావడం మీరు చూసే ఉంటారు. పెళ్లికొడుకు ఆలస్యంగా రావడమూ చూసే ఉంటారు. గుర్రం మాత్రం వేళకు వచ్చేసి, పూలు చల్లించుకుని, పన్నీరు చిలకరించుకుని, శనగలు తిని, పెళ్లికొడుకు కోసం తీరిగ్గా ఎదురుచూడటం మా పుత్తూరులో తప్ప ఎక్కడా జరిగి ఉండదు. ఆ పెళ్లికొడుకును నేనే. ఆ ఘనకార్యం వెనక ఉన్న బుర్రా నాదే. మంచినీళ్లు గట్రా తాగవలసిన వాళ్లు ఇప్పుడే తాగేసి రండి. మధ్యలో లేస్తే నా పరువు పోయిన చోటు మీకు తప్పిపోతుంది.

మా నాయనకు ఒక సారట్టు బండి, ఒక గుర్రం ఉండేవి. సారట్టు అంటే నాలుగు చక్రాల పెళ్లి బండి. వెండిరంగు పూసి, ఎర్ర మఖమలు పరిచి, వెనక నెమలి పింఛం ఆకారంలో రేకు బిగించి ఉంటుంది. ఇటు పుత్తూరు, అటు వడమాలపేట, ఎవరింట పెళ్లి ఊరేగింపైనా మా బండే కదలాలి. గుర్రం పేరు నవాబు. పెళ్లికొడుకు బండి దిగగానే పెళ్లికూతురు తరఫు వాళ్లు గుర్రానికి నానబెట్టిన శనగలూ బెల్లమూ పెట్టడం మా వైపు ఆనవాయితీ. అందుకని చుట్టుపక్కల ఉన్న షాదీమహళ్లూ కళ్యాణమండపాలూ అన్నీ నవాబుకు కంఠస్థం. అది పెళ్లికొడుకును మోసుకుపోతున్నాననుకునేది కాదు, శనగల దగ్గరికి పోతున్నాననే అనుకునేది.

నాకు బజారువీధిలో వెల్డింగు షాపు. ఎవరూ అడగని వస్తువులు తయారు చేయడం నా జబ్బు.

ఒక వానాకాలం ఊరేగింపులో నవాబు తారురోడ్డు మీద జారి పడింది. బండి కర్రల మధ్య ఇరుక్కుపోయి లేవలేక కాళ్లు కొట్టుకుంటోంది. తోలు వారులు బిగుసుకుపోయి ముడి ఊడలేదు. నాయన కత్తి తెప్పించి వారులు కోసి దాన్ని బయటికి తీశాడు. కాలికి ఏమీ కాలేదు గానీ ఆ రోజు నాయన ముద్ద ముట్టలేదు.

"ఇంకోతూరి ఇట్లయితే నేను తట్టుకోలేనప్పా," అన్నాడు.

నాయన కళ్లలో నీళ్లు చూసి నాకు నిజంగానే గుండె తరుక్కుపోయింది. ఆ వెంటనే, దాచడం ఎందుకు, మహా సంతోషం కూడా వేసింది. ఇన్నాళ్లకు నా బుర్రకు తగిన పని దొరికింది.

గుర్రం ఒంటి మీది వారులన్నీ బండికి రెండే చోట్ల కలిసేలా, పక్కకొకటి చొప్పున కొక్కేలు పెట్టాను. ఆ కొక్కేలను ఇనుప చీలలతో బంధించాను. చీలలకు మోటారు సైకిలు క్లచ్చు కేబుళ్లు తగిలించి, ఆ రెంటినీ తెచ్చి పాత జీపు హ్యాండ్ బ్రేకు పిడికి కలిపాను. పిడి లాగితే రెండు చీలలూ ఒకేసారి ఊడి వస్తాయి. గుర్రం వారులతో సహా ముందుకు నడిచి వెళ్లిపోతుంది, బండి ఉన్నచోటే ఉండిపోతుంది. కత్తి అక్కర్లేదు, ఏడుపు అక్కర్లేదు.

"పిడి యాడ పెడతావు?" అన్నాడు నాయన.

"కూసునే సీటు పక్కన. కుడిచేతికి అందేటట్ల."

"తోలేవాని కాడ పెట్టాల గదప్పా. సీట్లో కూసునే పెండ్లికొడుక్కి ఎందుకు అది?"

"గుర్రం పడితే తోలేవాడు ముందర ఎగిరి పడతాడు నాయనా. అప్పుడు లాగేదెవరు? పెండ్లికొడుకే లాగాల."

"వాడు ఊరకే లాగితే?"

"ఊరకే ఎవుడు లాగుతాడు? అంత తెలివిలేని పెండ్లికొడుకు ఉంటాడా?"

ఈ చివరి మాటను కాస్త గుర్తుపెట్టుకోండి. దీన్ని మా ఇంట్లో ఇప్పటికీ పండగలకు గుర్తుచేస్తుంటారు.

ఈలోగా నాకు సంబంధం కుదిరింది. పిల్ల పేరు షమీమ్. వాళ్ల నాన్నకు వడమాలపేటలో లారీ టైర్ల కొట్టు. ఒక్క చేత్తో స్టెప్నీ ఎత్తే మనిషి. పిల్లను చూడటానికి వెళ్లిన రోజు వాళ్ల ఫ్యాను కిర్రుమంటుంటే చెవులకు భరించలేక, పిల్ల వచ్చేలోగా బాగుచేద్దామని స్టూలెక్కి విప్పాను. విప్పడం బాగానే జరిగింది. బిగించేటప్పుడు రెండు బోల్టులు మిగిలాయి. చెమటలు కక్కుతూ అందరం భోజనం చేశాం. షమీమ్ మాత్రం తలుపు వెనక నవ్వడం నాకు వినిపించింది. నేను ఆ నవ్వుకే పడిపోయాను.

మామ నవ్వలేదు. "నాకీ సంబంధం ఇష్టం లేదప్పా. కుదురుగా ఉండే వస్తువును నువ్వు కుదురుగా ఉండనీవు," అన్నాడు మొహం మీదే. ఇంట్లో ఆడవాళ్లంతా పట్టుబట్టాక ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "నిఖా అయిపోయిందాకా నువ్వు ఏదన్నా విప్పినావని తెలిసిందో, పిల్లను పిలుచుకోని ఇంటికి పోతా."

సరేనన్నాను. ఆ షరతుకు భయపడి బండి పిడిని ఒక్కసారి కూడా లాగి పరీక్ష చేయలేదు. ఇంత బుద్ధిమంతుడు లోకంలో ఉంటాడా, మీరే చెప్పండి.

పెళ్లి రోజు పొద్దున మా ఖాలా, అంటే మా అమ్మ చెల్లెలు, బండిని అలంకరించింది. పూలు చుట్టగా చుట్టగా ఇనుప పిడి ఒక్కటి బోడిగా మిగిలి ఆమె కళ్లకు ముల్లులా కనబడింది. నా షేర్వానీ కుట్టగా మిగిలిన జరీ గుడ్డతో దానికి చక్కటి తొడుగు కుట్టి వేసింది. చూసినవాళ్లంతా పిడి కూడా పెళ్లికొడుకులా ఉందని మెచ్చుకున్నారు.

తర్వాత నాకు సెహ్రా కట్టారు. తెలియనివాళ్లకు చెబుతాను, సెహ్రా అంటే నుదుటి నుంచి కడుపు దాకా వేలాడే మల్లెపూల తెర. అందులోంచి లోకం కనబడదు, వాసన మాత్రం వస్తుంది. దానికి తోడు మర్యాద కోసం ఎడమచేత్తో రుమాలు నోటికి అడ్డం పెట్టుకోవాలి. దారిలో ఎవరు సలాం చెప్పినా కుడిచెయ్యి చాచాలి, వాళ్లే వచ్చి ఆ చెయ్యి పట్టుకుంటారు. మనిషి ఎవరో గొంతును బట్టి ఊహించుకోవడమే.

ఊరేగింపు కదిలింది. ముందు బ్యాండు వాళ్లు, వాళ్ల వెనక పెద్దలతో కలిసి మా నాయన, ఆ వెనక నవాబు, బండి మీద నేను. బండి తోలేది మా చిచ్చా, నాయన తమ్ముడు. నవాబుకు దారి తనకంటే బాగా తెలుసని ఆయన పగ్గాన్ని రెండు వేళ్ల మధ్య దారప్పోగులా వదిలేసి వక్క నములుతుంటాడు. మా వెనక వ్యాన్లలో ఆడవాళ్లు.

సరిగ్గా నా వెల్డింగు షాపు ముందుకు వచ్చేసరికి కుడిపక్క నుంచి ఒక గొంతు వినిపించింది.

"సలామలేకుం. బిరబిరా నడిపించండప్పా, ఖాజీ సాబు ఇంకో నిఖాకు పోవాలంట, లేసి నిలబడినాడు."

మామ గొంతు. పిల్లనివ్వడం ఇష్టంలేని మామ తనంతట తాను ఎదురొచ్చి సలాం చెబుతున్నాడు. నా మనసు వెన్నలా కరిగిపోయింది. "వాలేకుం సలాం మామా," అని కుడిచెయ్యి చాచాను. జరీ చొక్కా చెయ్యి ఒకటి తగిలింది. గట్టిగా, చల్లగా ఉంది. టైర్లు విప్పే చెయ్యి కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను. మామ చెయ్యి వదలకపోవడం చూసి నాకు ఇంకా ప్రేమ పొంగింది. రుమాలు ఒళ్లో పడేసి రెండు చేతులతో పట్టుకుని, ఆలింగనం చేసుకుందామని నా వైపు గట్టిగా లాగాను.

టక్కుమంది.

మామ ఎముక విరిగిందనుకున్నాను. ఒక్క క్షణం ప్రాణం పోయింది గానీ, ఉన్నది పుత్తూరులో కదా, ఎముకలు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి వాళ్లో మా ఊరికే వస్తుంటే మాకేం భయం అని సర్దిచెప్పుకున్నాను.

బండి ఆగింది. బ్యాండు చప్పుడు కొంచెం కొంచెంగా దూరమైంది. మామ వచ్చాడు కాబట్టి మర్యాదకు మెల్లగా వాయిస్తున్నారనుకున్నాను.

"చిచ్చా, ఎందుకు నిలిపినావు?"

"నేను యాడ నిలిపినాను? గుర్రం లేదు."

"లేదంటే? యాడికి పోయింది?"

"పెండ్లికి," అన్నాడు చిచ్చా.

సెహ్రా పక్కకు జరిపి చూశాను. ముందు రెండు కర్రలు, వాటి మధ్య ఖాళీ రోడ్డు. చిచ్చా వేళ్ల మధ్య నుంచి పగ్గం ఎప్పుడు జారిపోయిందో ఆయనకే తెలియదు. ముందుపోయే బ్యాండు వాళ్లకూ పెద్దలకూ వెనక నవాబు గజ్జెల చప్పుడు వినబడుతూనే ఉంది కాబట్టి ఎవరూ తిరిగి చూడలేదు. మొత్తం ఊరేగింపు నవాబును వెంటబెట్టుకుని వీధి మలుపు తిరిగిపోయింది. నా చేతుల్లో జరీ తొడుగు వేసిన జీపు పిడి. దానికి అవతల, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మా మామ.

"విప్పినావు గదప్పా," అన్నాడు.

"విప్పలేదు మామా. మీకు సలాం చేసినాను."

"నేను ఈడ ఉండాను. నువ్వు ఇనుముకు సలాం చేసినావు."

"మీ చెయ్యే అనుకున్నాను మామా."

"నా చెయ్యి అట్ల ఉంటుందా?"

ఉంటుందనే జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడం ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని.

దిగి నడుస్తానన్నాను. వెనక వ్యానులోంచి ఖాలా కేక వేసింది. "సెహ్రా కట్టినాక కాలు రోడ్డు మీద పెట్టగూడదు. దిగినావంటే నేను పెండ్లికి రాను." ఖాజీ సాబు అవతల లేచి నిలబడ్డాడు. వ్యాన్ల వెనక ఆర్టీసీ బస్సు హారను కొడుతోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. పరువు సంగతి కాదు, తలుపు వెనక నవ్విన ఆ పిల్ల నాకు దక్కదేమోనని.

మామ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కొక్కేలు చూశాడు, చీలలు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు బిగించి, కర్రల మధ్యకు దూరాడు.

"మామా, మీరెందుకు," అన్నాను.

"నీకోసం కాదులే. నా కూతురు తయారై కూసోనుండాది. నిఖా సంగతి ఆడికి పోయినాక తేలుస్తా. కూసో, ఇంక దేన్నీ ముట్టుకోవద్దు."

అలా మా మామ ముందు లాగుతూ, చిచ్చా వెనక తోస్తూ, నేను సెహ్రా దించుకుని రెండు చేతులూ ఒళ్లో కట్టుకుని, బజారంతా ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తుండగా షాదీమహలు చేరాను. మామ లాగితే బండి నవాబు లాగినదానికంటే సాఫీగా పోయింది. ఆ మాట నేను ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు, మీరూ అనకండి.

అక్కడ ఏం జరిగిందో తర్వాత తెలిసింది. బ్యాండు గేటులోకి రాగానే పెళ్లికూతురు తరఫు ఆడవాళ్లు కళ్లెత్తి చూడకుండానే పూలు చల్లారు, పన్నీరు చిలకరించారు. పెళ్లికొడుకును చెయ్యిపట్టి దించవలసిన బామ్మర్ది పూలదండ పట్టుకుని ముందుకొస్తే నవాబు ఆ దండలో సగం తినేసింది. మా నాయన అప్పుడు వెనక్కి తిరిగి చూసి, "నా కొడుకు యాడ?" అన్నాడు. నవాబు శనగల పళ్లెం దగ్గరికి పోయింది.

నేను చేరేసరికి నాయన నన్ను కాదు, ముందు గుర్రం కాళ్లను తడిమి చూసుకున్నాడు. అన్నీ బాగున్నాయని తేల్చుకున్నాక నా దగ్గరికొచ్చి, "అంత తెలివిలేని పెండ్లికొడుకు ఉంటాడా అంటివే," అన్నాడు మెల్లగా.

మామ చెమట తుడుచుకుంటూ ఖాజీ సాబు ముందు నిలబడ్డాడు. "ఈయప్ప మాట తప్పినాడు. పిల్లను అడుగుదాం. ఆ పిల్ల వద్దంటే వద్దు," అన్నాడు. మా పద్ధతిలో పెద్దమనిషి ఒకరు సాక్షులతో లోపలికి వెళ్లి పెళ్లికూతురి సమ్మతి అడిగి వస్తారు. వాళ్లు వెళ్లారు. చాలాసేపు రాలేదు. నేను సెహ్రాలోని మల్లెలు లెక్కపెడుతూ కూర్చున్నాను, ఏం లెక్కపెట్టానో గుర్తులేదు. తిరిగొచ్చిన పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల ఒక మాట అడిగి రమ్మనింది. కాపురం పెట్టే ఇంటికి కూడా ఇట్లాంటి పిడి ఏమన్నా పెడతాడా అని. పెట్టనంటేనే ఖుబూలంట."

షాదీమహలంతా ఘొల్లున నవ్వింది. మా మామ మొహంలో మొదటిసారి పళ్లు కనిపించాయి. నేను ఖాజీ సాబు అడగకముందే, "పెట్టను, ఖుబూల్," అనేశాను. ఆయన నన్ను ఆగమని మందలించి మళ్లీ మొదటినుంచి అడిగాడు.

ఆ పిడి ఇప్పటికీ బండికి ఉంది. తోలేవాడి కాళ్ల దగ్గరికి మార్చి, గొళ్లెం పెట్టి, జరీ తొడుగు తీసేశాను. ఆ మధ్య వడమాలపేట పెళ్లిలో నవాబు మళ్లీ జారితే నాయన ఆ పిడి లాగాడు. గుర్రం గీత పడకుండా లేచి నిలబడింది. నాయన ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. మెచ్చుకోలు మాట మాత్రం ఒక్కటీ అనలేదు.

ఇక ఇంతమంది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మొహం చూడకుండా ఎవరి చెయ్యీ పట్టుకోను. ఒక్క చెయ్యి మాత్రం అలా పట్టుకున్నాను. నిఖా అయ్యాక, మా ఇద్దరి మొహాల మధ్యా ఇంకా తెర ఉండగానే, ఖాలా షమీమ్ చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ పట్టు ఇన్నేళ్లుగా గట్టిగానే ఉంది. లాగి చూసే ధైర్యం నేను చేయలేదు.