ముందే పెట్టిన కృతజ్ఞత కూడిక

మా ఆవిడ ఆదివారం పొద్దున సారపాకలో పల్లవి ఎత్తుకుంటే, గోదావరి అవతల భద్రాచలంలో బస్సు కోసం నిలబడ్డవాళ్లు చరణం అందుకునేవాళ్లు. ఒకసారైతే వంతెన మీద లారీలు తాళం తప్పకుండా హారన్లు కొట్టాయి. ఇందులో నా సొంత సరుకు కొంత కలిసి ఉండవచ్చు. కానీ చర్చిలో మైకు చెడిపోయిన రోజున ఎవరూ కంగారు పడేవారు కాదన్నది కల్తీ లేని నిజం.

ఆ గొంతులో గడ్డ లేచింది. ఖమ్మంలో ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దాని వెంట గొంతూ పోయింది. మాట్లాడబోతే సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు ఒక ఊపిరి మాత్రమే వచ్చేది.

"నరం వాచింది. నెలలు పట్టొచ్చు. గొంతు రావచ్చు, రాకపోనూవచ్చు. ఓపిక పట్టుండ్రి" అన్నాడు డాక్టరు.

ఓపిక గురించి నాకు చెప్పాలా! నేను జామాయిలు కర్ర తోలే లారీ డ్రైవర్ని. కాగితం మిల్లు గేటు ముందు లైనులో బండి పెడితే ముందుకు పోలేం, వెనక్కి రాలేం. టీ తాగొద్దామని బండి పక్కకి తీశామా, మళ్లీ తోక దగ్గరి నుంచే రావాలి. నా లారీలో కర్ర చిగురేసి, తోటై, ఆ తోట నీడలో నేను కునుకు తీసిన రోజులున్నాయి.

మా చర్చిలో ప్రసంగానికి ముందు అవసరతలు చెప్పుకునే వేళ ఒకటి ఉంటుంది. ఎవరి కష్టం వాళ్లు లేచి చెబితే, అందరూ మోకరించి ప్రార్థన చేస్తారు. మా ఆవిడ లేచి గొంతు మీద చెయ్యి పెట్టుకునేది. అంతే, అందరికీ అర్థమయ్యేది. ఆదివారం తర్వాత ఆదివారం అదే చెయ్యి, అదే గొంతు.

అప్పుడు టేకులపల్లి నుంచి మా అత్త దిగింది.

"ఇంకా అడుగుడేంది అల్లుడా? అడుగుతనే ఉంటే నమ్మకం లేనట్టు గాదా? ముందుగాల దేవునికి స్తోత్రం చెప్పాలె. కృతజ్ఞత కూడిక పెట్టు."

"గొంతు ఇంకా రాలేదు గదత్తా."

"వచ్చినాక పెడితే అందుల విశ్వాసమేముందయ్యా?"

కట్టుకథలు అల్లేవాడికి గట్టి వాదన కనబడితే భక్తి ఎక్కువ.

ఇంటి ముందు షామియానా వేశాం. బగారన్నం, కోడికూర. గొంతు తిరిగి ఇచ్చినందుకు పాస్టరు అయ్యగారు దేవునికి వందనాలు చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. మా ఆవిడ గరిటె పట్టుకుని, తల దించుకుని వడ్డించింది.

తర్వాతి ఆదివారం అవసరతల వేళకి ఆవిడ మామూలుగానే లేచింది. పక్కనున్నామె కొంగు పట్టి లాగింది.

"కూసో అక్కా, నీది అయిపాయె గదా."

కూర్చుంది.

అక్కడ మొదలైంది మా చెర. కూరగాయల బండి దగ్గర ఒకరు, "ఏదీ వదినా, ఒక్క చరణం!" అంటారు. రాలేదని చెబితే కన్నతల్లి విశ్వాసం నవ్వులపాలవుతుంది. వచ్చిందని చెప్పడానికి గొంతే లేదు. దాంతో ఆవిడ బయటికి వెళ్లడం మానేసింది. తలుపులు, కిటికీలు మూసి, మిల్లు వాసనతో పాటు మేమూ ఆ రెండు గదుల్లో ఉడికిపోయాం.

తలుపు తట్టినవాళ్లకి ఏదో ఒకటి చెప్పాలి కదా. "మౌన ఉపవాసంలో ఉన్నది" అన్నాను.

"ఎందాక?"

"పైనుంచి కబురొచ్చేదాక."

నా కథ నాకే ఎదురు తిరిగింది. మర్నాటి నుంచి ఆడవాళ్లు అరటిపండ్లు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. మౌనంలో ఉన్నామె చేసే ప్రార్థనకు బలమెక్కువ, మా కోడలి కాన్పు కోసం చేయమను, మా మరిది తాగుడు కోసం చేయమను అంటూ ముందుగది నిండిపోయింది. లోపలి గదిలోంచి మా ఆవిడ గరిటెతో పళ్లెం మీద కొట్టింది. ఆ చప్పుడులో నేనూ, మా నాన్నా, ఇక్కడ రాయకూడని మరికొన్ని మాటలూ స్పష్టంగా వినిపించాయి.

అందరూ వెళ్లాక నా చెవి దగ్గరికి లాక్కుంది. ఊపిరితోనే అడిగింది.

"నన్నెందుకు లోపలేసినవయ్యా?"

"నేనా? మీ అమ్మ..."

"ఇద్దరూ. లైన్ల నుంచి బండి పక్కకి తీసిండ్రు. ఆమె స్తోత్రం చెప్పి, నువ్వు కథలు చెప్పి. నేను తోక కాడికే పోత. నాకేం సిగ్గు లేదు. అడగనియ్యుండ్రి."

ఆ మాత్రం చెప్పేసరికి ఆవిడకి ఆయాసం వచ్చింది.

ఆదివారం అందరి అవసరతలూ అయిపోయాక లేచింది. అయ్యగారు నవ్వుతూ, "గొంతొచ్చిన సాక్ష్యమా అమ్మా?" అన్నారు. కాదని తలూపింది. పెదవులు కదిలాయి. ఫ్యాన్ల చప్పుడులో ఏమీ వినపడలేదు. పక్క చాప మీది ముసలమ్మ లేచి, ఆవిడ నోటికి చెవి ఆనించి, గట్టిగా చెప్పింది.

"గొంతు రాలేదంటుంది. మళ్లా అడుగుతదట."

మగవాళ్ల వైపు నుంచి ఎవరో, "మరి బగారన్నం తింటిమి గదా!" అన్నారు.

"తింటే తింటివి, అరిగింది గదరా! ఇప్పుడు మోకాళ్లెయ్" అంది ముసలమ్మ.

నవ్వులు లేచాయి. నేను మాత్రం ఆ ఆదివారం టేకులపల్లి నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న మా అత్తనే చూస్తున్నాను. ఆమె నవ్వలేదు. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, అందరికన్నా ముందు మోకరించింది.

గొంతు ఇప్పటికీ రాలేదు. వచ్చిందని రాస్తే ఈ కథకి అందం వచ్చేది, అలాంటి ముగింపులు నా దగ్గర లారీకి సరిపడా ఉన్నాయి. కానీ ఆ ఒక్కదానిలో నా సరుకు కలపనని ఆవిడకి మాటిచ్చాను. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆఖరున లేచి, గొంతు మీద చెయ్యి పెట్టుకుంటుంది. "అదే" అంటుంది ముసలమ్మ. అందరం మోకరిస్తాం. కాసేపటికి ఒక్కొక్కరే లేచి కూర్చుంటారు. మా ఆవిడ మాత్రం లేవదు. నా మోకాళ్లు లారీ క్లచ్చి మీద ఎప్పుడో అరిగిపోయాయి, సిమెంటు నేల భగభగలాడుతుంటుంది. ఓరకంటితో ఆవిడవైపు చూస్తాను. ఇంకా వంగే ఉంటుంది. నేనెట్లా లేచేది?