యాదమ్మ బాయి నీళ్లలో గీత

దయ్యాలు, ఆత్మలు లాంటివాటి మీద నాకు ఏ రోజూ నమ్మకం లేదు. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడూ లేదు. చిన్నప్పుడు తెనాలిలో మా అమ్మమ్మ ఇలాంటి కథలు చెబుతుంటే మధ్యలో ఆపి "అదెలా కుదురుతుంది?" అని అడిగి తిట్లు తినేదాన్ని. చదివింది బయోటెక్నాలజీ. నా పనల్లా కంటికి కనిపించనిదాన్ని పట్టుకుని, రుజువుతో చూపించడం. అందుకే ఏం జరిగిందో ఆ వరసలోనే చెబుతాను. దాన్ని ఏమనుకోవాలో మీ ఇష్టం.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఎల్బీనగర్‌లో, మెయిన్ రోడ్డుకి నాలుగు సందులు లోపల, ఒక ఇంటి పైగదిలో కిరాయికి ఉండేదాన్ని. ఇంటి ఓనరు నర్సింహ షేర్ ఆటో నడిపేవాడు. వాళ్లది నల్గొండ జిల్లా. భార్య పద్మ, తల్లి యాదమ్మ, ఆయన, అంతే ఇంట్లో. బంద్ రోజుల్లో ఆటో తీయకుండా చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. నేను ఆంధ్ర మనిషినని వాళ్లకి తెలుసు. ఆ ఇంట్లో ఒక్క మాట అన్నవాళ్లు లేరు. అయినా టీవీలో వార్తలొస్తుంటే నేను కిందికి దిగేదాన్ని కాదు.

ఆ ఇంటి వెనక ఒక పాత నుయ్యి ఉండేది. నేను నుయ్యి అంటే యాదమ్మ నవ్వేది. ఆమెకది బాయి. బోరు వేశాక ఆ నీళ్లు ఎవరూ వాడటం లేదు. యాదమ్మ మాత్రం రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి గట్టు మీద కూర్చుని, పిడికెడు బువ్వ లోపలికి వేసేది. అందులో తాబేలు ఉందట. బాయి తవ్వినప్పుడు, నీళ్లు శుభ్రంగా ఉంటాయని ఆమె భర్త నల్గొండలో తమ ఊరి చెరువు నుంచి తెచ్చి వేశాడట. ఆయన పోయి చాలా ఏళ్లయింది. తాబేలు మాత్రం తను పిలిస్తే పైకొస్తుందని, మెడ చాపి తన వైపు చూస్తుందని ఆమె చెప్పేది.

ఇంకెవరికీ ఏ తాబేలూ కనిపించలేదు. నేను రెండు ఆదివారాలు ఆమె పక్కనే కూర్చున్నాను. "అగో, ఒచ్చింది" అని చూపించింది. నాకు ఆకుపచ్చ నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు.

నర్సింహకి ఇది పరేషాన్ అయిపోయింది. బాయి పూడ్చేసి ఆ జాగాలో రెండు షాపు గదులు కట్టాలని ఆయన ఆలోచన. తల్లి ఒప్పుకోవడం లేదు. "అమ్మకి జర మతి తప్పుతుంది మేడం. డాక్టర్‌కి చూపియ్యాలె" అని ఒకరోజు మెట్ల దగ్గర నాతో మెల్లగా అన్నాడు. ఆ మాట లోపలున్న యాదమ్మకి వినబడింది. ఆ పూట ఆమె అన్నం తినలేదు. నేను ఇందులో తలదూర్చడానికి సగం కారణం అదే.

మిగతా సగం నా పని. చెరువులో వల వేయకుండానే అందులో ఏ జీవులున్నాయో తెలుసుకునే పద్ధతి మీద నేను అప్పుడు పనిచేస్తున్నాను. నీళ్లలో ఉండే ప్రతి ప్రాణీ చర్మపు పొట్టో, జిగురో, మలమో ఏదో ఒకటి వదులుతూనే ఉంటుంది. వాటిలో డీఎన్ఏ ఉంటుంది. లీటరు నీళ్లని చాలా సన్నటి ఫిల్టర్ కాగితం గుండా వడకట్టి, ఆ కాగితం మీద మిగిలిన దాంట్లోంచి డీఎన్ఏ బయటికి తీస్తాం. తర్వాత మనం వెతుకుతున్న జీవికి చెందిన చిన్న ముక్క అందులో ఉంటే, యంత్రంలో పెట్టి ఆ ముక్కని కోట్ల కొద్దీ నకళ్లు చేస్తాం. జెల్లీ లాంటి పలక మీద నడిపించి అడుగు నుంచి వెలుగు పెడితే నారింజ రంగు గీత కనిపిస్తుంది. గీత ఉంటే ఆ జీవి ఉన్నట్టు. లేకపోతే లేనట్టు, లేదా మనకి దొరకనట్టు.

బతికున్న ప్రాణి లేకపోతే నీళ్లలో ఈ డీఎన్ఏ రోజుల్లోనో, కొద్ది వారాల్లోనో పాడైపోతుంది. తాబేలు ఎప్పుడో చచ్చిపోయి ఉంటే గీత రాదు. అప్పుడు యాదమ్మకి నెమ్మదిగా నచ్చజెప్పొచ్చు అనుకున్నాను.

ఒక బంద్ రోజున బాయి నీళ్లు పట్టిన సీసా ఐస్ డబ్బాలో పెట్టుకుని కొత్తపేట మీదుగా నడుచుకుంటూ కాలేజీకి వెళ్లాను. దారిలో ఒక పోలీసు ఆపి డబ్బా తెరిపించాడు. "ఏముంది అమ్మా సీసాల?" అన్నాడు. "నుయ్యి నీళ్లు సార్" అన్నాను. నన్ను కింది నుంచి పైకి చూసి పొమ్మన్నాడు.

గీత వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ వచ్చింది. పక్కనే స్వచ్ఛమైన నీళ్లతో చేసిన దాంట్లో ఏమీ లేదు. అంటే నా చేతుల వల్లో, పనిముట్ల వల్లో వచ్చిన గీత కాదది.

ఆ సాయంత్రం ఎగురుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను. యాదమ్మ ఆశ్చర్యపోలేదు. "నేను చెప్తలేనా?" అంది కోడలితో. నర్సింహ బాయి గట్టు దాకా వెళ్లి వచ్చాడు. "తాబేలుంటే దాని మీద మట్టి పోసుడు పాపం. పానంతోని తీసి చెరువుల ఇడుద్దాం" అన్నాడు.

ఆ వారమే మోటరు పెట్టి నీళ్లన్నీ తోడించాడు. ఇద్దరు మనుషులు దిగి పూడిక మొత్తం తట్టలతో పైకి పంపారు. చుట్టుపక్కల వాళ్లంతా చేరారు. ఒక ఇత్తడి చెంబు, పగిలిన కుండలు, ఒక చెప్పు, గుర్తుపట్టలేని బొమ్మ వచ్చాయి. తాబేలు లేదు. చిప్ప లేదు, ఎముక లేదు. గోడల్లో అది దూరేంత కన్నం కూడా లేదని లోపల ఉన్నవాళ్లు తడిమి చెప్పారు.

అందరూ నా వైపు చూశారు. నర్సింహ నవ్వబోయి ఆగిపోయాడు. "మీ ఆంధ్రోళ్ల సదువు గింతేనా మేడం?" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ అలా అనలేదు. నేను పైకి వెళ్లి తలుపు వేసుకున్నాను. గది ఖాళీ చేద్దామా అని కూడా అనుకున్నాను.

కానీ ఆ గీత నన్ను వదల్లేదు. అది నా తప్పైతే ఎక్కడ జరిగిందో తెలియాలి కదా. వానాకాలం కావడంతో నాలుగు రోజుల్లో బాయిలో మళ్లీ నడుము లోతు నీళ్లు ఊరాయి. ఇవి కొత్త నీళ్లు, పూడిక కూడా లేదు. వరసగా ఎనిమిది రోజులు, రోజూ పన్నెండున్నరకి ఒక సీసా పట్టాలనుకున్నాను. నాతో పాటు పనిచేసే ఫర్హానా మేడం మలక్‌పేట నుంచి వచ్చేవారు. ఆవిడ నాకంటే మొండి మనిషి. సీసాల మీద అర్థంకాని నంబర్లు వేసి ఆవిడకిచ్చాను. ఏది ఏ రోజుదో ఆవిడకి తెలియదు. మధ్యలో స్వచ్ఛమైన నీళ్ల సీసా కూడా ఒకటి కలిపాను.

మూడు రోజులు మామూలుగా గడిచాయి. యాదమ్మ గట్టు మీద కూర్చుంది, బువ్వ వేసింది. నాలుగో రోజు పొద్దున ఆమెకి షుగర్ పడిపోయి కళ్లు తిరిగాయి. మలక్‌పేటలో దవాఖానలో చేర్చారు. మూడు రోజులు అక్కడే ఉంది. దవాఖానకి పోతూ పోతూ పద్మతో ఒట్టు వేయించుకుంది, బువ్వ వేయడం మానొద్దని. పద్మ మానలేదు. నేనూ సీసాలు పట్టడం మానలేదు. ఏడో రోజు యాదమ్మ ఇంటికొచ్చింది కానీ మంచం దిగలేకపోయింది. ఎనిమిదో రోజు గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి గట్టు మీద కూర్చుంది.

ఫర్హానా ఫలితాలు తెచ్చి నా ముందు పెట్టారు. నంబర్లు విప్పి వరసగా రాసుకున్నాం. మొదటి మూడు రోజులూ గీత ఉంది. దవాఖానలో ఉన్న మూడు రోజులూ లేదు; ముందు రోజుల డీఎన్ఏ అయినా కొంత మిగిలి ఉండాలి, అదీ లేదు. మంచం మీద ఉన్న రోజు లేదు. ఎనిమిదో రోజు ఉంది. స్వచ్ఛమైన నీళ్ల సీసాలో ఏమీ లేదు.

"మళ్లీ చేద్దాం" అన్నారావిడ. మళ్లీ చేశాం. అదే వచ్చింది. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, "ఆ ముసలమ్మ చేతులు కడిగిన నీళ్లు పట్టుకురా" అన్నారు.

మంచి ఆలోచన. యాదమ్మే ఎక్కడి నుంచో తాబేలు డీఎన్ఏ మోసుకొస్తూ ఉండొచ్చు. ఆమె చేతులు కడిగిన నీళ్లు, బువ్వ గిన్నె కడిగిన నీళ్లు, చీర కొంగు తడిపిన నీళ్లు, గట్టు మీద రాయి తుడిచిన దూది అన్నీ పరీక్షించాం. దేంట్లోనూ గీత లేదు.

ఇంకో అనుమానం మిగిలింది. మా పరీక్ష ఏ రకం తాబేలునైనా పట్టుకుంటుంది; అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి నా దగ్గర అసలైన తాబేలు డీఎన్ఏ చుక్క ఒకటి ఉండేది. స్నేహితురాలు ఇచ్చింది. అది పొరపాటున ఈ నీళ్లలో కలిసిందేమో? దానికొక్కటే దారి. బాయి నీళ్లలో దొరికిన ముక్కలోని అక్షరాల వరస చదివించాలి. బయటి ల్యాబ్‌కి పంపాం. బంద్‌ల వల్ల జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది.

నా దగ్గరున్న చుక్క, నేల మీద తిరిగే నక్షత్ర తాబేలుది. వచ్చిన కాగితం మీద ఉన్నది అది కాదు. వీపు మెత్తగా ఉండే చెరువు తాబేలు. నల్గొండ చెరువుల్లో మామూలుగా దొరికే రకం.

అంతకు ముందే ఒక మధ్యాహ్నం యాదమ్మని అడిగాను. ఏ రోజు గీత వచ్చిందో, ఏ రోజు రాలేదో ఆమెకి నేను చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"మామ్మగారూ, మీరు దవాఖానలో ఉన్నప్పుడు కూడా అది పైకి వచ్చి ఉంటుందా?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"నేను లేకుంటే ఎవలి కోసం ఒస్తది బిడ్డా? నేను పిలుస్తెనే గది ఒస్తది."

"మరి బాయి తోడినప్పుడు ఎక్కడికి పోయింది?"

"అంతమంది మొగోళ్లు దిగితె ఉంటదా?" అంది. ఇందులో వింతేముందన్నట్టు కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

కాగితం వచ్చిన రోజు నర్సింహని కూర్చోబెట్టి, ఆ ఎనిమిది రోజుల గీతల ఫొటో ముందు పెట్టి, ఏ రోజు ఏమైందో చెప్పాను. నమ్మమని అడగలేదు. ఆయన ఫొటోలో ఖాళీగా ఉన్న నాలుగు జాగాల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. "గీ నాలుగు దినాలు అమ్మ బాయి కాడికి పోలే" అన్నాడు. తర్వాత, "ఆ దినం నోరు జారిన మేడం. మనసుల పెట్టుకోకుండ్రి" అన్నాడు. షాపు గదుల మాట మళ్లీ ఎత్తలేదు. డాక్టర్ మాట కూడా.

మా ప్రాజెక్టు రిపోర్టులో ఇదంతా రాయాలా వద్దా అని నేనూ ఫర్హానా చాలా రోజులు వాదించుకున్నాం. చివరికి రాయలేదు. ముసలమ్మ గట్టు మీద కూర్చోవడాన్ని ఏ గడిలో నింపాలో ఇద్దరికీ తెలియలేదు.

నేను ఆ తర్వాత నాగోల్ వైపు ఇల్లు మారాను. రాష్ట్రం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే నర్సింహ ఫోన్ చేశాడు. యాదమ్మ పోయి నెల దాటిందట, నిద్రలోనే పోయిందట. బాయి పూడుస్తున్నాడట. "ఒక్కసారి నీళ్లు చూస్తరా మేడం?" అన్నాడు.

వెళ్లి మూడు సీసాలు పట్టుకొచ్చాను. మూడింట్లోనూ ఏమీ లేదు. ఫోన్లో చెబితే బాగుండదని నేనే వెళ్లాను. వాకిట్లో మట్టి ట్రాక్టరు ఆగి ఉంది, కూలీలు పారలు పట్టుకుని కూర్చున్నారు.

"ఏం లేదు నర్సింహగారూ, పూడ్చుకోవచ్చు" అన్నాను.

ఆయన తల ఊపాడు. బాయి దగ్గరికెళ్లి లోపలికి తొంగి చూశాడు. తర్వాత వెనక్కొచ్చి కూలీలకి ఆ పూట కూలీ ఇచ్చి పంపించేశాడు. ట్రాక్టరు మట్టితోనే తిరిగి వెళ్లిపోయింది. ఎందుకని పద్మ అడిగితే, "అమ్మ కూసున్న బాయి, ఉండనీ" అన్నాడు.  మూడు గీతలు, నాలుగు ఖాళీలు, మళ్లీ ఒక గీత ఉన్న ఆ ఫొటో ఇన్నేళ్ల తర్వాత కూడా నా దగ్గరే ఉంది.