పంతొమ్మిది మీద రెండు నొక్కులు

హడావిడిగా రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మా సినిమా షూటింగ్ ఏ రోజు ఎవరివల్ల ఆలస్యమైందో ఎక్సెల్‌లో రాసేది అసిస్టెంట్ డైరెక్టర్‌నైన నేనే. అంత పొడవు లిస్టునూ చిన్న పట్టికగా కుదించే పివట్ టేబుల్‌ను, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా వదిన నిన్న నేర్పింది. వర్షం ఆరు, జనరేటర్ నాలుగు, హీరో పంతొమ్మిది. అంకెలే కదా అని మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్ ఆఫీసులో డైరెక్టర్‌గారికి చూపిస్తుంటే, హీరోగారే లోపలికొచ్చారు. వంగి చూసి, మౌస్ అందుకుని, పంతొమ్మిది మీద టకటకా రెండుసార్లు నొక్కారు.

అలా నొక్కితే ఆ అంకె వెనకున్న వరసలన్నీ కొత్త షీట్‌లో తెరుచుకుంటాయని వదిన చెప్పలేదు. నా కోసం రాసుకున్న కారణాలతో సహా పంతొమ్మిదీ బయటపడ్డాయి. ‘నిద్ర లేవలేదు.’ ‘జుట్టు నచ్చలేదట.’ ‘అలిగి కారవాన్‌లో కూర్చున్నారు.’ ఆయన ఒక్కొక్కటే పైకి చదివారు.

"ఇవన్నీ రాసిందెవరు?"

"నేనే సార్."

"నీ పేరేంటమ్మా?"

చెప్పాను. తలూపి వెళ్లిపోయారు.

ఎనిమిది నెలలుగా ఆయన చేతికి రోజూ సీన్ పేపర్ ఇస్తున్నది నేనే. పేరు అడగడం ఇదే మొదటిసారి. రేపు ఉదయం ఏడింటికి ఫస్ట్ షాట్. వెళ్లమంటారా?