మేత వేయని సీసా

మా పిన్ని ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే "సీసాలో తోలు పెంచుతుంది" అనేది మా అమ్మ. పిన్నికి ఒళ్లు మండేది. "తోలు కాదక్కా, తోలుకు రంగునిచ్చే కణాలు" అని సరిదిద్దేది. అమ్మ వింటేగా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పిన్నిది కేన్సర్ మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో పని. ఆపరేషన్లలో మిగిలిన చర్మం ముక్కల్లోంచి రంగు కణాలను వేరుచేసి, చిన్న ప్లాస్టిక్ సీసాల్లో పెంచుతుంది. మహా గారాబం కణాలవి. ఒంట్లో ఉన్నంతకాలం చుట్టుపక్కల చర్మ కణాలు "పెరగండి" అని చెప్పే ప్రోటీన్లను వాటికి పంపుతుంటాయి. వాటినే గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. సీసాలో ఇరుగూ పొరుగూ ఉండరు కాబట్టి ఆ ప్రోటీన్ల చుక్కలు పిన్నే వేయాలి. దాన్ని ఆమె మేత అంటుంది. జ్వరమొచ్చినా సరే, మేత వేళకు ల్యాబ్‌లో ఉండాల్సిందే.

"కట్టుకున్నవాడికి కూడా ఇంత సేవ చెయ్యవు కదే" అని అమ్మ ఎగతాళి చేసేది.

"ఆయన వండుకోగలడు. ఇవి వండుకోలేవు."

అమ్మ దర్జీ. వీధి గదిలో మిషను. కత్తెర జారి కాలి మీద పడడం దర్జీలకు మామూలే. గోరు నల్లబడుతుంది, గోరు పెరిగేకొద్దీ ఆ నలుపూ ముందుకు జరిగి పోతుంది. కుడికాలి బొటనవేలి గోరు కింద నల్లటి గీత కనిపిస్తే అమ్మ కత్తెరనే తిట్టుకుంది. నేనూ పట్టించుకోలేదు. గోరు పెరుగుతున్నా గీత జరగలేదు, వెడల్పయింది. ఒకరోజు అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంటే పిన్ని చూసింది. నలుపు గోరు దాటి చర్మానికి పాకింది. పిన్ని మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాడు. మెలనోమా. రంగు కణాలకు వచ్చే కేన్సర్. వేలు తీసేయాలన్నాడు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అంది అమ్మ. "నొప్పి లేదు, చీము లేదు. పెడల్ తొక్కేది ఈ కాలితోనే. నేను దాని జోలికి పోను, అదీ నా జోలికి రాదు."

నేను అరిచాను, ఏడ్చాను, అన్నం మానేశాను. అమ్మకు చీమ కుట్టినట్టయినా లేదు. పిన్ని మాత్రం ఒక్క మాటే అంది. "రేపు నాతో రా అక్కా. సీసాలు చూద్దువుగాని."

ల్యాబ్ నడిపే పెద్ద డాక్టరమ్మ అనుమతి తీసుకుని పిన్ని మా ఇద్దరినీ లోపలికి తీసుకెళ్లింది. మైక్రోస్కోపు కింద ఒక సీసా పెట్టింది. అమ్మ ఒక కన్ను మూసి చూసింది.

"ఏముందే? అక్కడొకటి అక్కడొకటి, వడిలిపోయి ఉన్నాయి."

"అవి మామూలు రంగు కణాలు. మేత ఆపేశాను. ఇప్పుడిది చూడు. దీనికీ అదే రోజు ఆపేశాను."

రెండో సీసాలో కణాలు సందు లేకుండా, ఒకదానిమీదొకటి ఎక్కి ఉన్నాయి.

"దీనికి ఎవరో చాటుగా పెడుతున్నారు" అంది అమ్మ.

"ఎవరూ పెట్టట్లేదక్కా. ఇది మెలనోమా. దాని మేత అదే తయారుచేసుకుంటుంది. నువ్వు జోలికి పోకపోతే ఊరుకుంటుందనుకుంటున్నావు. దానికి నీతో పనే లేదు."

అమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. "ఎవరిదిది?"

"ఒకావిడది. కాలి వేలిదే."

"ఎలా ఉంది ఆవిడ?"

పిన్ని నా వైపు చూసింది. "పోయిందక్కా. ఆలస్యంగా వచ్చింది."

అమ్మ మళ్లీ వంగి చూసింది. "మనిషి పోయినా ఇది పెరుగుతూనే ఉందా! సిగ్గులేని ముండ." లేచి చీర సర్దుకుంది. "ఆ డాక్టరుకి ఎప్పుడు వీలవుతుందో కనుక్కో."

ఆపరేషన్ కాగితాల మీద సంతకం చేసేముందు అమ్మ కలం పట్టుకుని ఆగిపోయింది.

"కోసింది ఏం చేస్తారు?"

పరీక్షకు పోను మిగిలింది పారేస్తామన్నాడు డాక్టరు.

"పారెయ్యకండి. మా చెల్లికివ్వండి."

పిన్ని బావురుమంది. "నీ ఒంటిదాన్ని నేను పెంచలేనక్కా."

"పెంచమన్నానా? చంపే దారి వెతకమన్నాను."

వేలు తీసేశారు. కేన్సర్ కాలి నుంచి గజ్జల్లోని గ్రంథులకు పాకలేదని తేలిన రోజు ముగ్గురం పిచ్చివాళ్లలా నవ్వాం. అమ్మ ఎడమకాలితో పెడల్ తొక్కడం నేర్చుకుంది. మొదట్లో కుట్లన్నీ వంకర్లు పోయాయి. వచ్చిన తిట్లన్నీ మిషను పడింది. పిన్ని ఇప్పుడు ల్యాబ్‌లో అమ్మ వేలి కణాల మీదే పనిచేస్తోంది. అవి సొంతంగా వండుకునే మేతను మందులతో ఆపడం ఆమె పని. కొన్నాళ్లు ఆగుతాయి, మళ్లీ లేస్తాయి.

సాయంత్రం పిన్ని గుమ్మంలో అడుగుపెట్టగానే అమ్మ మిషను ఆపి అడుగుతుంది.

"చచ్చిందా?"

"లేదక్కా. ఒక దారి మూస్తే ఇంకోటి వెతుక్కుంది."

"నా ఒంటిదేగా, మొండితనం ఎక్కడికి పోతుంది! రేపు ఆ దారీ మూసెయ్" అని అమ్మ మళ్లీ పెడల్ మీద కాలు వేస్తుంది.