తొమ్మిది అంటే దొరకలేదు

ఆమెను అందరూ ప్రశ్నలమ్మ అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎవరికీ అవసరం పడలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె చేసేది ఒకటే పని. అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు చంకన ఇరికించుకుని, ముక్కూమొహం తెలియని వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ప్రశ్న అడిగి, చెప్పిన జవాబుకు తగిన అంకెను గడిలో వేయడం. విశ్వవిద్యాలయంలో వ్యాపారం, ఆర్థికశాస్త్రం చదివిన పెద్దవాళ్ళకి ఏ సందేహం వచ్చినా ముందు ఈమె చెప్పులు అరగాలి. జనం సబ్బు ఎందుకు మారుస్తారు, బస్సు ఎందుకు ఎక్కరు, కొట్టువాడు తలుపు ఎన్నింటికి తీస్తాడు, అన్నీ ఆమే అడిగింది. వాటి మీద లావుపాటి పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఎక్కడో చివర్న "సర్వే సిబ్బందికి కృతజ్ఞతలు" అని చీమతలంత అక్షరాల్లో ఉంటుంది. ఆ సిబ్బంది ఈవిడే.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. మిగతా సర్వేవాళ్ళు టీకొట్టు నీడలో కూర్చుని, కాలు కదపకుండా పూటకి ఇరవై కాగితాలు సొంత తెలివితో నింపేసేవారు. ఆమె అలా ఒక్క గడి కూడా నింపలేదు. మనిషి కనబడితేనే అంకె, లేకపోతే లేదు. కొత్తగా చేరినవాళ్ళకి ఆమె మొదటిరోజే రెండు ముక్కలు చెప్పేది. "చూడనిది రాయకండి. మనింటి మనిషిని లెక్కలోకి తేకండి." ఆ రెండో ముక్క ఆ తరవాత ఆమె మెడకే చుట్టుకుంది.

మూడేళ్ళుగా నడుస్తున్నది ఎండల మీద పరిశోధన. భూమి ఎంత వేడెక్కుతోందో చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ వేడికి ఎవరి పని ఎంత పాడవుతోందో తేల్చడం ఆమెను పంపే ప్రొఫెసరు, పెద్దసారు అనే ఆయన విభాగం వంతు. దానికి బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీని ఎంచుకున్నారు. నాలుగు హాళ్ళు, పైన రేకులు. ఒక్కో హాల్లో ఒక్కో ఉష్ణమాపకం వేలాడదీసి, మూడు వందల ఇరవై మంది పనివాళ్ళను ఎంచుకుని, గంటకి ఎవరు ఎన్ని బట్టలు పూర్తిచేస్తున్నారో ప్రతి వేసవిలో రాసుకోవడం. యజమాని కూడా చెడ్డవాడేం కాదు. "ఎండ వల్ల పని తగ్గుతోందని మీరు చూపించండి, కప్పంతా చల్లటి పూత వేయించి, గాలిలాగే పంకాలు పెట్టిస్తాను. ఊరికే మాత్రం నన్ను కదపకండి" అన్నాడు. అంటే ఆ మూడు వందల ఇరవై మంది నెత్తిన ఏ కప్పు ఉండాలన్నది ఆమె గడుల్లో వేసే అంకెల మీదే ఆధారపడింది.

ఆ ఫ్యాక్టరీ ఇస్త్రీ హాల్లో ఆమె చెల్లెలు పనిచేసేది. మొదటి వేసవిలో చెల్లెలు ఊరికి ఆ చివర ఒంటిగదిలో వేరే ఉండేది. వేరే సర్వే మనిషి వచ్చి ఆమె కాగితం నింపాడు కాబట్టి ఎవరికీ పేచీ లేదు. రెండో వేసవి మధ్యలో చెల్లెలు ఇస్త్రీ బల్ల దగ్గరే కుప్పకూలింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. ఏళ్ళ తరబడి చెమటోడుస్తూ నీళ్ళు తాగకపోవడం వల్ల అన్నాడు. ఎందుకు తాగలేదమ్మా అంటే, తాగితే బాత్రూమ్ దగ్గర వరసలో నిలబడాలి, అక్కడ నిలబడితే బల్ల దగ్గర బట్టలు పేరుకుపోతాయి అంది చెల్లెలు. ప్రశ్నలమ్మ ఆమెను తన రెండు గదుల ఇంటికి తెచ్చుకుంది.

మూడో వేసవికి రెండో సర్వే మనిషి ఇంకో ఉద్యోగం చూసుకుని చెక్కేశాడు. నాలుగు హాళ్ళూ ఈమె నెత్తిన పడ్డాయి. నియమం ఏమిటంటే, కాగితంలో పేరున్న మనిషి బల్ల దగ్గరికి మూడు వేరువేరు రోజులు వెళ్ళాలి. మూడుసార్లూ కనబడకపోతే గడిలో తొమ్మిది వేయాలి. తొమ్మిది అంటే దొరకలేదు. ఆ కాగితం కట్టలోంచి పక్కకి తీసేస్తారు.

ఇస్త్రీ హాల్లో చెల్లెలి బల్ల దగ్గర ఎవరో కొత్త పిల్ల ఉంది. ప్రశ్నలమ్మ మొదటిరోజు చూసింది, రెండోరోజు చూసింది, మూడోరోజు చూసింది. తొమ్మిది వేసింది. ఆ పొద్దున్నే చెల్లెలికి మాత్రలిచ్చి, మంచం పక్కన నీళ్ళసీసా పెట్టి, కిటికీ తెరవకే అని చెప్పి మరీ వచ్చిన మనిషి, ఆ చెల్లెలు దొరకలేదని రాసింది. ఆ వడగాడ్పులో, ఆ ఆవిర్ల మధ్య, అప్పటికి నూట పది కాగితాలు నింపి ఉంది. ఒళ్ళు హూనమైపోయి, ఎప్పుడు ఇల్లు చేరి కాళ్ళు చాపుకుంటానా అని తప్ప మరో ఆలోచన లేదు. నాకు ఆమె మీద కోపం వచ్చేది ఇక్కడే, జాలేసేదీ ఇక్కడే.

వేసవి అయిపోయింది. ఒకరోజు పరిశోధన చేస్తున్న అమ్మాయి, అందరూ చిన్న మేడమ్ అనే పిల్ల, ఆమెను పిలిచి కంప్యూటర్‌లో గీత చూపించింది.

"చూడండి ఆంటీ. మొదటి ఏడాది వేడి పెరిగేకొద్దీ పని ఇలా జారిపోయేది. ఈ ఏడాది గీత చూశారా, దాదాపు బల్లపరుపు! మనుషులు ఎండకి అలవాటు పడిపోయారు. సార్ చాలా సంతోషించారు, ఇది కొత్త విషయం అట."

"ఎవరు అలవాటు పడ్డారమ్మా?" అంది ప్రశ్నలమ్మ.

"పనివాళ్ళు."

"ఏ పనివాళ్ళు?"

చిన్న మేడమ్ నవ్వబోయి ఆగిపోయింది. ప్రశ్నలమ్మ మూలనున్న బీరువా తెరిచి, తొమ్మిది వేసి పక్కన పెట్టిన కట్ట తీసింది. నలభై ఒక్క కాగితాలు. అన్నీ ఆమె చేతిరాతే. పైనుంచి ఆరోది చెల్లెలిది. అది కంటపడగానే బయటికి లాగి పైన పెట్టింది. ఎండకి ఆగలేనివాళ్ళందరూ పని మానేసి వెళ్ళిపోయారు. ఆగగలిగినవాళ్ళు మిగిలారు. మిగిలినవాళ్ళనే అడిగి, ఎండ ఎవరినీ ఏమీ చేయలేదని తేల్చారు. ఇంత చదువు చదివినవాళ్ళకి ఇది తట్టలేదు. పెద్ద చదువు లేని తనకైనా ఇన్నాళ్ళూ తట్టిందా అంటే, అదీ లేదు.

పెద్దసారు మంచివారే, కాకపోతే అలిసిపోయిన మనిషి. బల్ల నిండా ఫైళ్ళు, కళ్ళ కింద నల్లటి చారలు. అంతా విని కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నారు.

"నువ్వు చెప్పింది నిజమే. కానీ వాళ్ళు ఎక్కడున్నారో తెలియదు, వెతకడానికి మనుషుల్లేరు. రెండు నెలల్లో యజమానికి నివేదిక ఇవ్వాలి. దొరకనివాళ్ళ గురించి నేను ఏం రాయను?"

"దొరకలేదని రాసింది నేను సార్. వెతకలేదని రాయడానికి గడి లేదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. సరే వెతుకు అన్నట్టు చేయి ఊపారు.

ఆ రెండు నెలలూ ఆమెకు ఆదివారం అన్నది లేకుండా పోయింది. చేతిలో పాత చిరునామాలు. వెళ్తే ఇల్లు ఖాళీ. పక్కింటివాళ్ళని అడిగితే ఇంకో వీధి, అక్కడికి వెళ్తే ఇంకో పేట. మోకాళ్ళు మెట్లెక్కనంటే రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. కుట్టుమిషను మీద కళ్ళు తిరిగి పడినావిడ బస్టాండు మెట్ల మీద దువ్వెనలు అమ్ముతోంది. కత్తిరింపు పనిలో చేయి తిరిగినవాడు ఒక గోదాము నీడలో కాపలా కూర్చున్నాడు. "ఇక్కడ జీతం సగమే, కానీ ఫ్యాను ఉంది" అన్నాడు. ఒకామె తలుపు సగమే తీసి, అందులోంచే ముప్పై ఏడు ప్రశ్నలకీ జవాబు చెప్పింది. ఏడుగురి జాడ నిజంగానే తెలియలేదు. వాళ్ళకి మళ్ళీ తొమ్మిదే వేసింది, ఈసారి వెతికాక. ముప్పై ముగ్గురు దొరికారు. పని ఎందుకు మానేశారన్న ప్రశ్న దగ్గర ఇరవై ఆరుగురు ఎండే అన్నారు.

ఇక మిగిలింది ఒక్క కాగితం. దాన్ని సంచీలో అడుగున పెట్టుకుని అన్ని ఆదివారాలూ మోసింది. చివరి ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి ఉస్సూరంటూ కూలబడితే, మంచం మీంచి చెల్లెలు అడిగింది.

"అక్కా, ఊరందర్నీ అడిగొచ్చావు. నన్నెప్పుడు అడుగుతావు?"

"నిన్ను అడిగేదేముందే, అన్నీ తెలిసినవేగా."

"నీకు తెలిస్తే సరిపోతుందా? నేనూ పదకొండేళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడ్డాను. దువ్వెనలమ్మే ఆవిడ లెక్కలో ఉండి నేను ఉండకపోతే ఎలా?"

ప్రశ్నలమ్మ లేచింది. మొహం కడుక్కుని, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, అట్ట ఒళ్ళో పెట్టుకుంది. "నమస్కారమండీ, మీ సమయం ఒక అరగంట తీసుకుంటాను" అని అలవాటు ప్రకారం మొదలెట్టింది. చెల్లెలు పకపకా నవ్వి, దిండుకి ఆనుకుని కూర్చుని, బుద్ధిగా "అడగండి" అంది. రోజుకి ఎన్ని గంటలు నిలబడేవారు? పది. నీళ్ళు ఎన్నిసార్లు తాగేవారు? రెండుసార్లు. ఒక్కోరోజు ఒక్కసారే. పని ఎందుకు మానేశారు? చెల్లెలు ఆలోచించింది. "నేను మానలేదు. లేవలేకపోయాను" అంది. ఆ జవాబుకి గడి లేదు. పక్కన ఖాళీలో అక్షరం పొల్లుపోకుండా రాసింది ప్రశ్నలమ్మ.

చిరునామా దగ్గర కలం ఆగింది. చెల్లెలి పాత ఒంటిగది చిరునామా వేస్తే ఎవరూ అడగరు. చాలాసేపు చూసింది. చివరికి తన ఇంటి చిరునామానే రాసింది. పంతొమ్మిదేళ్ళు చూడనిది రాయని చెయ్యి, ఇప్పుడు కావాలన్నా మాట వినలేదు.

వారం తిరక్కుండానే చిన్న మేడమ్ ఎండకి పని మానేసినవాళ్ళనీ లెక్కలో కలిపి గీత మళ్ళీ గీసింది. ఈసారి అది మొదటి ఏడాది కన్నా ఏటవాలుగా జారింది. పెద్దసారు నివేదిక తిరగరాశారు. యజమాని మాట మీద నిలబడ్డాడు. వచ్చే వేసవికల్లా నాలుగు హాళ్ళ కప్పులకీ తెల్లపూత, గోడకి పంకాలు. విభాగంలో అందరికీ టీ ఇచ్చారు. ప్రశ్నలమ్మకి కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

టీ తాగుతూ చిన్న మేడమ్ నెమ్మదిగా అంది, "ఆంటీ, ముప్పై నాలుగో కాగితం... ఆ చిరునామా మీ ఇల్లేనా?"

"అవునమ్మా. నా చెల్లెలు."

"మీరే చెప్పారు కదా ఆంటీ నాకు, మనింటి మనిషిని..." అని ఆపేసింది.

పెద్దసారు విని, నిజంగానే బాధపడ్డారు. ఆమె భుజం తట్టి, "దాని గురించి దిగులు పడకు. ముప్పై మూడుతోనే సరిపోయింది. ఆ ఒక్కటీ లేకపోయినా ఫలితంలో తేడా ఏమీ రాదు" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. ఆమె తలూపి, టీ గ్లాసు కడిగి బోర్లించి, కాగితం మడిచి సంచీలో పెట్టుకుని బయల్దేరింది. బస్సులో నిలబడే వచ్చింది. సీటు ఖాళీ అయినా కూర్చోవాలని తోచలేదు.

గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే చెల్లెలు లోపల్నించి కేకేసింది. "ఏమైంది అక్కా? కప్పుకి పూత వేయిస్తారా?"

"వేయిస్తారట. నాలుగు హాళ్ళకీ."

"అమ్మయ్య! మరి నాది? నా కాగితం లెక్కలో ఎక్కిందా?"

ప్రశ్నలమ్మ సంచీ మేకుకి తగిలించింది. తగిలించి, ఇటు తిరక్కుండానే అంది.

"ఎక్కింది."

"ఎన్నో నంబరు?"

"ముప్పై నాలుగు."

"ముప్పై నాలుగు" అని చెల్లెలు ఒకసారి తనలో తాను అనుకుంది. తరవాత గోడ మీద చిన్నగా కొట్టి, పక్కింటావిడకి వినబడేలా గొంతు పెంచింది. "వదినా, ఆ ఫ్యాక్టరీ కప్పుకి పూత వేయిస్తున్నారట. నేను చెప్పింది కూడా రాసుకున్నారు. నాది ముప్పై నాలుగో నంబరు!"