సులోచన పంపిన షాంఘై పెట్టె

సులోచనకు భయం పుట్టుకతో వచ్చిందో, ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌కు వచ్చాక అంటుకుందో చెప్పడం కష్టం. ప్రొద్దుటూరులో ఉన్నప్పుడు బల్లికి భయపడేది, లెక్కల మేష్టారికి భయపడేది. ఇక్కడ బల్లులు లేవు గనుక ఆ వాటా భయం కూడా వీసాలు చూసే హోం ఆఫీసుకే దక్కింది. తలుపు సందులోంచి గోధుమరంగు కవరు జారితే చాలు, అది కౌన్సిల్ వాళ్లదో డాక్టరు క్లినిక్ వాళ్ల టీకా చీటీయో తేలేదాకా ఆమె ప్రాణం కుదుటపడేది కాదు.

ఆ భయానికి కారణం లేకపోలేదు. ఆ ఇంట్లో వీసా ఆమెది. తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ ఎం.ఎస్సీ. చేసి, బెంగళూరులో కొన్నేళ్లు పనిచేసి, 2002 జూన్ పందొమ్మిదిన వర్క్ పర్మిట్ మీద ఈ దేశంలో దిగింది. భర్త విజయభాస్కర్, కూతురు లాస్య ఆమె కొంగు పట్టుకుని వచ్చినవాళ్లు. పక్క ఊరు రీడింగ్‌లో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు చేసే విజయభాస్కర్ ఆమె కంటే ఎక్కువే సంపాదిస్తాడు గానీ, ఆమె ఉద్యోగం ఊడితే ముగ్గురూ సామాను సర్దుకోవలసిందే. నాలుగేళ్లు నిండితే శాశ్వతంగా ఉండిపోవచ్చు అన్నారు మొదట. మూడేళ్ల పది నెలలు ఓపిక పట్టాక, నాలుగు కాదు ఐదు అన్నారు. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. ఇక 2007 జూన్ పందొమ్మిది దాకా ఆగాలి. ఆ రోజు కంపెనీ వాళ్లు ‘ఈమె మా దగ్గర పనిచేస్తోంది, ఇకముందు కూడా మాకు కావాలి’ అని ఒక ఉత్తరం రాసివ్వాలి. ఐదేళ్ల బతుకంతా ఆ ఒక్క ఉత్తరం కోసమే.

కంపెనీ ఊరి చివర ఉంది. బేసింగ్‌స్టోక్‌లో ఏ చివరికి పోవాలన్నా అరడజను రౌండబౌట్లు చుట్టాలి, ఆమె ప్రతి రౌండబౌట్‌కూ విడివిడిగా భయపడుతూ కారు నడిపేది. అక్కడ సిగ్నళ్లను కొలిచే పరికరాలు తయారవుతాయి. ఆ పరికరం కడుపులో గోరంత అమెరికా చిప్ ఉంటుంది. ఆ గోరంత ముక్క వల్ల, ఇంగ్లండులో తయారైన పెట్టె చైనాకు పోవాలన్నా వాషింగ్టన్ లైసెన్సు కావాలి. చైనా కుట్టిన చొక్కా అమెరికాకు కావాలి, చైనా చేసిన బొమ్మ కావాలి, టీవీ కావాలి. చైనా తనంత తెలివిమీరడం మాత్రం అక్కర్లేదు. పైగా కంపెనీని కొనుక్కున్నదీ అమెరికా వాళ్లే, ఆర్డర్లు ఎక్కువగా వచ్చేదీ చైనా నుంచే. ఈ ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుని ఎగుమతి కాగితాలు చూసే పని సులోచనది. లైసెన్సు నంబరు చేతికి రానిదే సంతకం పెట్టకూడదని ఆమె బల్ల ముందు గోడకు పెద్ద అక్షరాలతో అంటించి ఉంది. అంటించింది ఆమే.

అలాంటి మనిషి 2007 ఫిబ్రవరి తొమ్మిదిన, శుక్రవారం పూట, నంబరు రాకుండానే సంతకం పెట్టింది. కారణం రాహుకాలం.

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. ఈ విషయంలో ఆ ఇంట్లో పాత తగాదా ఒకటుంది. విజయభాస్కర్ ఎక్సెల్ షీటులో బేసింగ్‌స్టోక్ సూర్యోదయం వేసి, పగటిని ఎనిమిది భాగాలు చేసి, పదకొండు దాటాక గానీ రాహుకాలం రాదని తేల్చాడు. “ప్రొద్దుటూరు సూర్యుడు ఈడ పనికిరాడు మే,” అనేవాడు. “రాహువుకు మీ ఎక్సెల్ తెల్దులేండి,” అని ఆమె పదిన్నరకే కట్టుబడింది.

ఆ రోజు షాంఘైలోని కొత్త కంపెనీకి మొట్టమొదటి పెట్టె వెళ్లాలి. లైసెన్సు వచ్చేసినట్టే, నంబరు రేపు పంపుతాం అని ముందు రోజు సాయంత్రం అమెరికా ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. లారీ డ్రైవరు పదీ పావుకే వచ్చి నిలబడ్డాడు. అమెరికా ఆఫీసు వాళ్లు నిద్రలేచేసరికి ఇక్కడ మధ్యాహ్నమవుతుంది. డ్రైవరును పంపేస్తే మళ్లీ సోమవారం దాకా రాడు, ఆపినా గంటకు మించి ఆగడు, అప్పుడు కొత్త ఖాతా మొదటి పెట్టె రాహుకాలంలో గడప దాటుతుంది. వచ్చేసినట్టే అన్నారు కదా అనుకుంది. పది ఇరవై నాలుగుకు సంతకం పెట్టి పంపేసి, మనసులో వెంకటేశ్వరస్వామికి దండం కూడా పెట్టుకుంది.

రెండూ నలభైకి ఇంకో ఈమెయిల్ వచ్చింది. ‘షాంఘై పెట్టె ఆపండి. కొన్నవాళ్ల మీద ఇంకా విచారణ జరగాలట. లైసెన్సు ఇవ్వలేదు.’

సులోచన ఫైలు తెరిచింది. ఆమె సంతకం పెట్టిన కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో జరిమానా అనీ, జైలు అనీ ఉంది. ఇన్నాళ్లూ ఆ అక్షరాలు వేరెవరికోసమో అచ్చయినట్టు ఉండేవి. కార్ పార్కులోకి వెళ్లి భర్తకు ఫోన్ చేసింది.

“పెట్టె పాయనండీ! లైసెన్సు లేదంట. నన్ను జైల్లో యేస్తారేమో!”

“యాడికి పాయ? ఆగు, ఏడవాక. ఎవురికన్నా చెప్పినావా?”

“ల్యా.”

“చెప్పొద్దు. సోమవారం లోపల నంబరొస్తే పొద్దున్నే వచ్చినట్టు రాసేయి. ఎవురు చూడొచ్చినారు? జూన్ దాకా కండ్లు మూసుకున్యామంటే చాలు.”

“రాకపోతేనో?”

విజయభాస్కర్ దగ్గర దానికి ఎక్సెల్ షీటు లేదు.

చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే జైలు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పావుగంట కారులో కూర్చుని, మొహం తుడుచుకుని, నేరుగా డిస్పాచ్ మేనేజర్ హెలెన్ గదిలోకి వెళ్లింది. దాన్ని ధైర్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అంత భయాన్ని ఒంటరిగా మొయ్యలేక వెళ్లింది.

హెలెన్‌కు అరవైకి రెండేళ్లు తక్కువ. ముప్పై ఏళ్లుగా అదే గదిలో అదే కప్పులో టీ తాగుతున్న మనిషి. అంతా విని, “నువ్వెందుకు తొందరపడ్డావు సూ? నువ్వసలు తొందరపడే మనిషివి కావే!” అంది. సులోచన పేరు ఆమె నోట్లో ‘సూ’ దగ్గరే ఆగిపోతుంది. పదిన్నర తర్వాత మంచి సమయం కాదని సులోచన నిజమే చెప్పింది. చెప్పేసి, నవ్వుతుందని కళ్లు మూసుకుంది. హెలెన్ నవ్వలేదు. “మా అమ్మ శుక్రవారం గోళ్లు తీసుకోనిచ్చేది కాదు,” అని, ఫోన్ అందుకుంది.

పెట్టె అప్పటికే హీత్రూ చేరింది, ఆపమని చెప్పేలోగా విమానం ఎక్కేసింది. హెలెన్ జరిగింది జరిగినట్టు ఆ రోజే అమెరికాకు రాసిపడేసింది. పన్నెండో రోజున పెట్టె సీలు ఊడకుండా తిరిగొచ్చింది. అమెరికా నుంచి మాత్రం జవాబు రాలేదు.

ఆ తర్వాతి వారాలు సులోచన ఎలా గడిపిందో తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. బయట సైరన్ వినిపిస్తే చేతిలో గరిటె ఆగిపోయేది. కంచంలో అన్నం సగం అలాగే వదిలేసేది. “మమ్, ఆర్ యూ పూర్లీ?” అని, ఒంట్లో బాగాలేదేమోనని తొమ్మిదేళ్ల లాస్య నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. “ఏం ల్యా నాయనా, తలనొప్పి,” అనేది. ఈ పిల్లను ఉన్నపళాన బడి మాన్పించి తీసుకుపోవలసి వస్తుందని, అదీ తన చేతి సంతకం వల్ల వస్తుందని తలుచుకుని, బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చేది.

మార్చి రెండో వారంలో అమెరికా నుంచి డొనవన్ అనే ఆయన దిగాడు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఫ్యాక్టరీ అంతా తిరిగాడు, ఏదో రాసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మూడో రోజు సులోచనే వెళ్లి ఆయన ముందు నిలబడింది. ఆ పెట్టె పంపింది నేనే, తప్పు నాదే, హెలెన్‌కు సంబంధం లేదు అని గడగడా అప్పజెప్పింది. ఆయన అయోమయంగా చూశాడు.

“ఏ పెట్టె? ఓ, షాంఘైదా? ఒక హెచ్చరికతో ఆ కేసు ఎప్పుడో మూసేశారు. మీకు చెప్పలేదా?”

ఆయన చేతిలో ఉన్నది కొలత టేపు అని ఆమె అప్పుడు చూసింది. ఆయన కొలుస్తున్నది యంత్రాల పొడవు, వెడల్పు.

మర్నాడు అందర్నీ క్యాంటీన్‌లో నిలబెట్టి చెప్పారు. ఫ్యాక్టరీ మొత్తం చైనాకు, సుజౌ అనే ఊరికి తరలిపోతోంది. అక్కడైతే ఖర్చు మూడో వంతట. ఒక్క పెట్టె చైనా గడప తొక్కిందని జైలు పేరెత్తినవాళ్లే పెట్టెలు చేసే యంత్రాలను కట్టగట్టి పంపుతామంటున్నారు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరుగుతాయంటారు. ఆ ఆంబోతులు పోట్లాడుకున్నా విరుగుతాయి, రాజీపడ్డా విరుగుతాయి. నూట పది మంది ఆ రోజు క్యాంటీన్‌లో నిలబడి విన్నారు, ఒక్కరూ కుర్చీ లాక్కోలేదు.

హెలెన్ ఆమెను పక్కకు పిలిచి చెప్పింది: “యంత్రాల్లోనూ అమెరికా చిప్స్ ఉన్నాయి సూ. వాటికీ లైసెన్సు రావాలి. అది వచ్చి, యంత్రాలు లారీ ఎక్కేదాకా నువ్వూ నేనూ ఉంటాం. ఎక్కిన రోజుతో మన పనీ సరి.”

అంటే లైసెన్సు జూన్ పందొమ్మిది దాటాక రావాలి. ముందే వస్తే ఐదేళ్లూ గంగపాలు. ఒక్క నంబరు కోసం నాలుగు గంటలు ఆగలేకపోయిన సులోచన, ఇప్పుడు ఆ కాగితం రావద్దని రోజూ దీపం పెట్టడం మొదలుపెట్టింది. “స్వామీ, అమెరికావోనికి చైనా మీద అనుమానం తగ్గనీయాక” అని ఆమె దండం పెట్టుకుంటుంటే విజయభాస్కర్ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. అమెరికా మంత్రి ఎవరైనా చైనాను తిట్టాడని వార్తల్లో వస్తే ఆ పూట నాలుగు ముద్దలు తినేది. మే నెలలో చైనా పెద్దలు వాషింగ్టన్ వెళ్లి, అందరూ నవ్వుతూ చేతులు కలిపిన ఫొటో పేపర్లో పడింది. ఆ రోజంతా ఆమె మంచినీళ్లతోనే సరిపెట్టుకుంది.

జూన్ ఐదున, మధ్యాహ్నం, ఫ్యాక్స్ మిషను చప్పుడు చేసింది. గదిలో ఆమె ఒక్కతే ఉంది. మూడు పేజీలు. చివర నంబరు.

పద్నాలుగు రోజులు తక్కువ. సొరుగు తెరిచే ఉంది. కాగితాన్ని అందులో పెట్టి మూస్తే అడిగేవాళ్లు లేరు. ఫ్యాక్స్ అందలేదని అంటే సరిపోతుంది. ఆ పద్నాలుగు రోజుల్లో లాస్య బడి ఉంది, ఇల్లుంది, ఐదేళ్లున్నాయి. కానీ చేసిన తప్పును మోసుకుంటూ బతకడం ఎలా ఉంటుందో ఫిబ్రవరి నుంచి ఆమెకు బాగా తెలుసు. సొరుగు మూసి, కాగితం పట్టుకుని హెలెన్ గదికి నడిచింది.

హెలెన్ మూడు పేజీలూ చదివింది. గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. జూన్ పందొమ్మిది సంగతి ఆమెకు తెలుసు.

“ప్రతి యంత్రం నంబరూ ఈ జాబితాతో సరిచూడాలి. నీకెంతసేపు పడుతుంది?”

“ఒక పూట చాలు,” అంది సులోచన. భయంలో కూడా ఆమెకు అబద్ధం రాదు.

“ఒక పూటా? తొందరపడితే ఏమవుతుందో చూశాం కదా!” హెలెన్ కళ్లజోడు తీసింది. “ప్రతి స్క్రూ చూడు. రెండు వారాలు పడుతుందని అమెరికాకు నేను రాస్తాను.”

ఆ రెండు వారాలూ మోగిన ప్రతి ఫోనూ అమెరికా నుంచే అనుకుంటూ, యంత్రాల కింద దూరి టార్చిలైటుతో నంబర్లు చూసింది సులోచన. నలభై ఒక్క యంత్రాలు. వాటిలో రెండింటి నంబర్లు నిజంగానే తప్పు పడ్డాయి. అవి దొరికినప్పుడు ఆమెకు చెమటలు పట్టాయి, ఎందుకంటే ఒక పూటలో చేసి ఉంటే ఆ తప్పుల కిందా ఆమె సంతకమే ఉండేది.

జూన్ పందొమ్మిది ఉదయం యంత్రాలన్నీ చెక్కపెట్టెల్లోకి చేరి, లారీల కోసం గుమ్మం దగ్గర వరసగా ఉన్నాయి. హాలంతా ఖాళీ. మాట్లాడితే గోడలు తిరిగి పలుకుతున్నాయి. మిగిలిన ఒక్క బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, హెలెన్ ఆ ఉత్తరం టైపు చేసి, సంతకం పెట్టి ఇచ్చింది. సులోచన నిలబడే చదివింది. ఈమె సేవలు మా కంపెనీకి ఇకముందు కూడా అవసరమని అందులో రాసి ఉంది. సులోచన తలెత్తి ఖాళీ హాలును చూసి, హెలెన్‌ను చూసింది.

“ఇకముందు కూడా అని రాశారు,” అంది భయంగా.

“రాశాను,” అంది హెలెన్. “లారీలు నాలుగింటికి గానీ రావు.”