కాటా అక్క నింపిన గొట్టాలు

సోఫాల కార్ఖానాలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కాటా అక్క అంటారు. దిండును ఒకసారి చేత్తో ఎత్తి, అందులో దూది ఎంత పట్టిందో చెప్పేస్తుంది. తర్వాత కాటా మీద పెట్టి చూస్తే పది గ్రాములు అటో ఇటో, అంతే. పందొమ్మిదో ఏట ఆ షెడ్డులో అడుగుపెట్టింది. మొదటి ఆరు నెలలూ నేల మీద రాలిన దూది ఏరడమే పని. ఆ తర్వాత కిటికీ పక్కన ముక్కాలిపీట ఇచ్చారు. ముప్ఫై మూడేళ్ళుగా ఆ పీట ఆమెదే.

దిండు నింపడానికి అక్కడ ఒక వరస ఉంది. ముందు నాలుగు మూలలు, తర్వాత అంచులు, చివరికి నడుమ. నిండిందనిపించాక ఇంకో ఐదో వంతు కూరాలి. మనిషి కూర్చుంటే దూది అణుగుతుంది, ఆ అణిగేదేదో మనమే ముందు పెట్టాలి అని మేస్త్రి మొదటి రోజే నూరిపోశాడు. ఆ ఐదో వంతు కాటా చూసి పెట్టేది కాదు. చేతికి తెలియాలి.

మూడు నెలల కిందట ఆమె కుడి మణికట్టుకు ఆపరేషన్ అయింది. లోపల నరం నలిగిందన్నారు. కుట్లు మానాయి. గుప్పిట బిగుస్తోంది, బిందె లేస్తోంది. కానీ బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. దేన్ని తాకినా మధ్యలో పల్చటి గుడ్డ అడ్డం వేసినట్టే ఉంటోంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. డాక్టరుతో బాగానే ఉందండీ అంది. భర్తతోనూ, కూతురితోనూ అదే మాట.

సోమవారం పనిలోకి రమ్మని మేస్త్రి కబురు పంపాడు. రాగానే ఆరు దిండ్లు నింపి చూపించాలట. ఆరూ ఒక్కలా వస్తే పీట ఆమెది. లేకపోతే ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడి, వేరేవాళ్ళు నింపిన దిండ్లకు ప్లాస్టిక్ సంచులు తొడగాలి. అదేమీ తక్కువ పని కాదని ఆమెకూ తెలుసు. కానీ అక్కడ ఆమెను కాటా అక్క అని పిలవాల్సిన పని ఎవరికీ ఉండదు.

ముందురోజు ఆదివారం. ఆమె ఆడపడుచు భోజనానికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఇంట్లో మాట్లాడినా వెనక తలుపు దాకా వినపడుతుంది. వంట కాటా అక్క కూతురిది. ఆ పిల్ల ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేస్తుంది. గురువారాల్లో అక్కడ పాస్తా గొట్టాల్లో కూర నింపి ఓవెన్లో కాలుస్తారు. ఎప్పుడూ చెప్పడమే కానీ మాకు పెట్టింది లేదని అత్త రెండుసార్లు దెప్పడంతో ఒక పెట్టె కొనుక్కొచ్చింది. అందులో ఇరవై నాలుగు గొట్టాలున్నాయి. ఒక్కొక్కటి చూపుడువేలంత పొడవు, రెండు వేళ్ళు దూరేంత లావు.

ఆడపడుచు ఒకటి తీసి కంటికి ఆనించి అవతలికి చూసింది.

"ఇదేంటే, కరెంటు వైర్లు దూర్చే పైపులా ఉంది."

"ఉడకనీ అత్తయ్యా. ఇప్పుడే కొరికావంటే ఉన్న నాలుగు పళ్ళూ పోతాయి."

పాలకూర ఉడికించి, నీళ్ళు గట్టిగా పిండి, సన్నగా తరిగి, చీజ్ తురుము, రెండు గుడ్లు, మిరియాల పొడి వేసి కూతురు ముద్ద కలిపింది. నింపే పని తానే చేస్తానని తల్లి గిన్నె లాక్కుంది. చేతికి శ్రమ ఎందుకని కూతురు వద్దంది. క్రీము పిండే సంచి ఉంది, ఐదు నిమిషాల్లో అయిపోతుందంది. తల్లి వినలేదు. ఆమెకు ఈ రోజు కావలసింది పాస్తా కాదు. రేపు మేస్త్రి ముందు కూర్చునేలోపు, ఎవరికీ తెలియకుండా, తన చెయ్యి పనికొస్తుందో లేదో తేల్చుకోవాలి.

కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చుంది. ఎడం చేత్తో గొట్టం పట్టుకుని, కుడి చేత్తో ముద్ద తీసి బొటనవేలితో లోపలికి తోసి, చెక్క గరిట కాడతో కూరింది. ముందు ఒక కొస, తర్వాత రెండో కొస, చివరికి నడుమ. నిండిందో లేదో చెప్పాల్సిన వేళ్ళు ఏమీ చెప్పలేదు. అదే పల్చటి గుడ్డ. కళ్ళు మూసుకుని చూసింది, తేడా లేదు. ఇక వేళ్ళను అడగడం మానేసి, చెయ్యి ఎలా పోతే అలా పోనిచ్చింది. నిండిందనిపించిన చోట ఆగి, ఇంకో ఐదో వంతు కూరింది. అలా పెట్టాలని అనుకోను కూడా అనుకోలేదు, ముప్ఫై మూడేళ్ళ అలవాటు.

కూతురు పొయ్యి దగ్గర అటు తిరిగి, వెన్నలో పిండి వేయించి పాలు పోసి ఉండ కట్టకుండా కలుపుతోంది. మరీ బిగించి కూరలేదు కదా అని అక్కణ్ణుంచే అడిగింది.

"నింపడం నాకు నేర్పుతున్నావా?" అంది తల్లి.

ట్రేలో టమాటా గుజ్జు పరిచి గొట్టాలు పేర్చుతుంటే ఆడపడుచు పాత నోరు ఊరుకోలేదు. "ముందుకు జరగండి, ముందుకు జరగండి, ఇంకా చోటుంది" అని ఒక్కొక్కదాన్నీ వేలితో నెట్టింది. పద్నాలుగు పట్టాయి. మిగిలిన పది పళ్ళెంలో పెట్టారు, రెండో వాయికి. పైన పాల సాసు పోసి, రేకు కప్పి ట్రేను ఓవెన్లోకి తోశారు.

నలభై నిమిషాలు ఆమె బల్ల దగ్గర నుంచి లేవలేదు. ఆడపడుచు ఏదో చెబుతోంది, ఊ కొడుతోంది. ఒళ్ళో కుడి చేతి వేళ్ళను ఎడం చేత్తో ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటోంది.

కూతురు ట్రే తీసి రేకు ఎత్తింది. గొట్టాలన్నీ నిలువునా చీలి, లోపలి పచ్చటి ముద్ద పైకి పొంగి సాసులో కలిసిపోయింది.

"పద్నాలుగుకి పద్నాలుగూ" అంది ఆడపడుచు. "ఒక్కటైనా తప్పించుకుందేమోనని చూస్తున్నాను."

నవ్వుతారనుకుంది. మరదలు ముఖం చూసి ఆగిపోయింది. ఆమె రెండు చేతులూ బల్ల మీద బోర్లించి పెట్టి, వాటినే చూస్తోంది.

"నా వేళ్ళకు ఏమీ తెలియట్లేదు" అంది. "మూడు నెలలనుంచీ అంతే. రేపు మేస్త్రి ముందు ఏం చూపించను?"

కూతురు ఓవెన్ కట్టేసింది. ఆడపడుచు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, కుట్లు పడ్డ ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. ఆ ఇంట్లో ఆమె గొంతు వినపడకుండా అంతసేపు గడవడం అరుదు.

కూతురు మళ్ళీ ట్రే దగ్గరకు వెళ్ళింది. క్యాంటీన్లో వారం వారం చూసే వంటకం. అక్కడ ఒకటో రెండో చీలుతాయి, కొన్ని సగం బోలుగా ఉంటాయి, కొన్ని కక్కేస్తాయి. ఇన్నీ ఇలా ఒకే తీరుగా చీలడం ఎప్పుడూ చూడలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా, దర్జీ సుద్దతో గీసి కత్తిరించినట్టు. ఆమె పళ్ళెంలోని పది గొట్టాల వైపు చూసింది. పిండి తూచుకునే చిన్న కాటా కిందికి దించి, ఒక గొట్టం పెట్టింది.

అరవై నాలుగు గ్రాములు.

రెండోది అరవై నాలుగు. మూడోది అరవై మూడు. నాలుగోది మళ్ళీ అరవై నాలుగు. పైకి చదువుతుంటే ఆరో దానికి తల్లి లేచి వచ్చింది.

"కాటా పాడైందేమో చూడు."

కూతురు అర కిలో పంచదార పొట్లం పెట్టింది. ఐదు వందల రెండు, కవరుతో కలిపి. పొట్లం తీసి మిగిలిన నాలుగూ తూచింది. పదిలో ఎక్కడా రెండు గ్రాముల తేడా లేదు.

"మా దగ్గర సంచితో పిండినా ఒకటి నలభై వస్తుంది, ఇంకోటి అరవై వస్తుంది" అంది. "నీ చెయ్యి తప్పలేదమ్మా. అన్నింట్లోనూ ఒక్కలాగే ఎక్కువ పెట్టావు. ఎంత ఎక్కువ?"

"ఐదో వంతు. అణుగుతుంది కదా."

"ఇది అణగదు. వేడికి ఉబ్బుతుంది."

ఆడపడుచు గొంతు అప్పుడు లేచింది. "ఏం మరదలా, వడ్డించాక దీని మీద కూర్చుంటామనుకున్నావా?"

ముందు నవ్వింది కాటా అక్కే. నవ్వుతూనే కళ్ళు కొంగుతో ఒత్తుకుంది. ఒక గొట్టం తీసి అరచేతిలో పెట్టుకుని, కాసేపు అలాగే నిలబడింది. వేళ్ళ కొసలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. బరువు మాత్రం అరచేతికి తగులుతోంది, మణికట్టుకు తగులుతోంది, మోచేయి దాకా తెలుస్తోంది. బహుశా ఎప్పుడూ అక్కడే తెలిసేదేమో. ఇన్నేళ్ళూ పేరు వేళ్ళకు దక్కింది.

కూర్చుని, గరిట కాడతో ఒక్కొక్క గొట్టం నుంచి, ఎక్కువ పెట్టిన ఆ ఐదో వంతు వెనక్కి తీసింది. కాటా వైపు చూడలేదు. కూతురు తూచింది. యాభై ఐదు, యాభై ఐదు, యాభై నాలుగు. నాలుగో దానికి ఇక చాల్లే అని కాటా పక్కన పెట్టేసింది.

రెండో వాయి చీలలేదు. అంచులు ఎర్రగా కాలి, కోస్తే ముద్ద లోపలే నిలిచింది. ముగ్గురూ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. ఆడపడుచు మూడు తిని, నాలుగోది డబ్బాలో పెట్టించుకుంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, వేళ్ళ సంగతి ముందు ఆ మేస్త్రికి చెప్పు, తర్వాత డాక్టరుకు చెప్పు, దాచుకోవడానికి అదేమన్నా నగా అంది.

నీళ్ళ పంపుల దగ్గర డ్యూటీ దిగి భర్త నాలుగింటికి వచ్చాడు. చీలిపోయిన ట్రే ముందు పెడితే సగం ఖాళీ చేసి, చాలా బాగుంది, దీన్ని ఏమంటారు అని అడిగాడు. తల్లీ కూతుళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

సోమవారం ఆమె వేళ్ళ సంగతి మేస్త్రికి ముందే చెప్పింది. ఆయన విని, కిటికీ పక్క పీట చూపించాడు. గంటన్నరలో ఆరు దిండ్లు నింపింది. ఆయన ఒక్కొక్క దాన్నీ మోచేత్తో అదిమి చూశాడు. తర్వాత కాటా మీద పెట్టాడు. ఆరోది దించి, పక్కనున్న కట్టలోంచి ఇంకో ఖాళీ గలీబు లాగి ఆమె ఒళ్ళోకి విసిరి, కోత బల్ల వైపు వెళ్ళిపోయాడు.

ఆమె గలీబు తిరగేసి, దూది అందుకుని, మూలల నుంచి మొదలుపెట్టింది.